క్విల్టీని కొందామా, వద్దా

అక్టోబర్ నెల, శనివారం, పొద్దున తొమ్మిదీ నలభై. ఫార్మింగ్టన్ హిల్స్‌లో చంద్రిక వంటింటి బల్ల మీద ఫోను స్పీకర్‌లో ఉంది. అవతల వేరే రాష్ట్రంలోని మోరిస్‌విల్ నుంచి గోపాల్. గుళ్లో వంటకి తీసుకెళదామని వచ్చిన నాగమల్లేశ్వరి కారు తాళాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కాదు వదినా, మీరు నా మాట వినరేంది? క్విల్టీ ఆరడుగుల ఏడంగుళాలు. ఇరవై మూడేళ్ల పోరడు. గోల్ ముందర నిలబెడితే చాలు, బంతి దానంతటదే వచ్చి చేతుల పడ్తది."

"పడుతుంది లెండి. వాణ్ణిచ్చి బదులుగా ఎవర్ని అడుగుతున్నారో అది చెప్పండి."

"హన్రహన్‌ని."

"ఆఁ! పదకొండేళ్లు మన పెలికన్స్‌కి వెనక కాపలా కాసినవాణ్ణి."

"ముప్పై మూడేళ్లొచ్చినయ్ ఆయనకి. మోకాలికి రెండు ఆపరేషన్లు."

"మోకాలు పోతే మనిషిని ఇచ్చేస్తారా? వీధి గుమ్మానికి కొత్త తలుపు కావాలని పెరటి తలుపు ఊడదీసి ఇచ్చినట్టుంది మీ బేరం."

"పెరటి తలుపు! శంకరన్న మాటలు మీకు మంచిగ వంటబట్టినయ్ వదినా."

"ఒక్క నిమిషం గోపాల్ గారూ. పాలు పొంగుతున్నాయి."

"కానియ్యండి. నేనున్న."

"అక్కా, ఇప్పుడు మాట్లాడు. మ్యూట్‌లో పెట్టాను, ఆయనకి వినబడదు."

"పాలెక్కడ పొంగుతున్నయ్యే? స్టవ్వే వెలిగించలా నువ్వు."

"అబద్ధం చెప్పాను. రెండో కాగితం కనబళ్లేదు. నీ చేతి సంచీ కింద ఉందేమో చూడు."

"ఇదేనా? ఏందమ్మాయ్ ఇదంతా? ఎవురీ పెలికన్లు?"

"మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ టీమ్. పాతికేళ్ల కింద మావారూ, అదే ఈయన శంకరన్న, ఈ గోపాల్ గారూ అక్కడ చదువుకున్నారు. ఇద్దరిదీ ఒకే గది. పక్కనే వీళ్ల గ్రౌండు."

"మా అల్లుడు ఆదివారం చూసే ఫుట్‌బాలేనా?"

"కాదక్కా. ఇది వేరు. కోడిగుడ్డు లాంటి బంతే గానీ చివర్న నాలుగు కర్రలుంటాయి. నడిమి రెంటి మధ్య నుంచి పోతే ఆరు పాయింట్లు. పక్కనుంచి పోతే ఒకటి."

"గురి తప్పినా ఒకటిస్తారా? దయగల ఆటే."

"నవ్వించకు. నవ్వు గొంతుతో మాట్లాడితే పట్టేస్తాడు."

"నీకీ ఆటంటే ఇంత పిచ్చని నాకెప్పుడూ చెప్పలేదే?"

"నాకా! నేనొక్క మ్యాచ్ కూడా చూళ్ళేదు. శుక్రవారం సాయంత్రం నెట్‌లో వెతికి, ప్రింట్ తీసి, గీతలు పెట్టుకుంటాను. ప్రింట్ తీయడం నాకు అలవాటేలే."

"పరీక్షకి చదివినట్టు చదువుతున్నావన్నమాట. ఎందుకే ఈ తిప్పలు?"

"ఉండు. ఆయన ఎదురు చూస్తున్నాడు... గోపాల్ గారూ, వచ్చాను."

"పాలు దించిన్రా?"

"దించాను. మీరెన్నయినా చెప్పండి. హన్రహన్ సంతకం పెట్టకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. అక్కడ ఆటగాడు ఒప్పుకుంటేనే పంపాలి."

"నిజమే. గానీ ఒప్పుకుంటడు. ఇంకో రెండేళ్లు కాంట్రాక్ట్ ఎక్కువిస్తమంటే ఎవరొద్దంటరు?"

"ఉన్నచోట తెలిసినవాళ్లుంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్లుంటారు. ముప్పై మూడేళ్లప్పుడు కొత్త ఊరెళ్లి ఎవరితో మాట్లాడతాడు?"

"ఆటగాడికేంది వదినా, మాట్లాడనీకి ఊరంత ఉంటది."

"అలా అనుకుంటాం."

"టోకెన్ నంబర్ థర్టీ సెవెన్! పెసరట్టుప్మా!"

"అదేమిటి గోపాల్ గారూ? ఎవరో అరుస్తున్నారు?"

"అదా... టీవీ వదినా. టీవీ. సౌండ్ తగ్గిస్త, ఒక్క నిమిషం ఆగుండ్రి."

"మ్యూట్ నొక్కాను. ఇప్పుడను అక్కా, ఏదో అనబోయావు."

"టీవీలో పెసరట్టుకి టోకెన్లు పిలుస్తారంటే?"

"ఏమో. పోయిన వారం కూడా ఎవరో ఇడ్లీ అన్నారు. నేనడగలేదు."

"అడగొచ్చుగా?"

"అడిగితే ఆయన నన్నడుగుతాడు. వద్దులే. ఆట వరకే బావుంటుంది."

"ఏం బావుంటం? అయినోళ్లు ఫోన్ చేస్తే ఎట్టున్నావమ్మా, ఏం వండావమ్మా అనుకోవాల. ముక్కూ మొహం తెలీని ఆరడుగుల పిల్లోడి గురించి కొట్లాటేంది?"

"పోయిన ఏడాది ఆగస్టులో మావారు పోయారా. అందరూ వచ్చారు, నెల్లాళ్లు ఫోన్లు చేశారు, ఆగిపోయారు. వాళ్ల తప్పేం లేదు. డిసెంబర్లో ఓ శనివారం తొమ్మిదిన్నరకి ఈ ఫోను మోగింది. ఇది ఆయన ఫోను. గోపాల్ గారు అలవాటు కొద్దీ ఆయన నంబరుకి కొట్టేశాడు. నేనెత్తాను. ఆయన హలో, నేను హలో. చివరికి నేనే, 'పెలికన్స్ ఎలా ఉన్నారండీ?' అన్నాను."

"అయ్యో."

"ఆయన పది నిమిషాలు చెప్పాడు. మళ్లీ శనివారం చేశాడు. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం కెఫెటేరియాలో పనికి వెళ్లేదాకా ఈ ఇంట్లో మాటనేది ఈ అరగంటే అక్కా. నాకు ఆట రాదని తెలిసిందనుకో, ఏం సాకు పెట్టుకుని చేస్తాడు? పరాయి మగమనిషి, ఊరికే చెయ్యడు కదా."

"నేను లేనా ఏం?"

"నువ్వున్నావు. నీకు మనవలున్నారు, గుడుంది. నెలకోసారొస్తావు. నిష్ఠూరం కాదు."

"నిష్ఠూరమాడినా పడతాలే. మాట్లాడు, పాపం ఆగాడు."

"గోపాల్ గారూ, ఉన్నారా?"

"ఉన్న వదినా. ఎటు పోత."

"ఆ క్విల్టీ సంగతి. కిందటేడు ఎన్ని గోల్స్ కొట్టాడన్నారు?"

"యాభై నాలుగు."

"నా దగ్గరా అదే ఉంది."

"ఆఁ?"

"అదే, నాకూ అలాగే గుర్తు. కానీ అందులో సగం చిన్న టీముల మీదే."

"అది గూడ రాసిన్రు... అంటే, అందరూ అదే అంటున్నరు. బుధవారం ఆఖరు తారీఖు వదినా. బుధవారం దాటితే చెయ్యిజారిపోతడు. మన కోచ్‌కి బుద్ధుంటే ఇయ్యాలే సంతకం పెట్టిస్తడు."

"చంద్రికా! ఇటు చూడవే."

"ష్! అక్కా, మ్యూట్ లేదు... గోపాల్ గారూ, మా మల్లేశ్వరక్కయ్య వచ్చారు. ఒక్క క్షణం... ఆఁ, మ్యూట్ నొక్కాను. ఏమిటక్కా?"

"ఈ కాగితం అడుగున సన్నక్షరాల్లో తారీఖు చూడు. నా కళ్లద్దాలు సరిగ్గా ఉన్నయ్యా లేవా?"

"అక్టోబర్ పదమూడు."

"ఏ ఏడాది?"

"...పోయిన ఏడాది."

"అంటే ఆ బేరం తెగి ఏడాదయిందన్నమాట. ఆ పిల్లోడు ఈపాటికి ఎక్కడున్నాడో! నువ్వు పాత కాగితం పట్టుకుని ఇందాకట్నుంచి పోట్లాడుతున్నావమ్మాయ్."

"అయిపోయింది అక్కా. తెలిసిపోతుంది. పేరు కొట్టగానే పైన వచ్చింది, తీసేసుకున్నాను. పోయిన అక్టోబర్లో నేనేం చదివాను, నేనేం చూశాను? నాకెలా తెలుస్తుంది?"

"ఆగాగు. నీకు తెలీదు, సరే. మరి ఆయనకి తెలియాలిగా?"

"అంటే?"

"ఇరవై ఐదేళ్ల నుంచి చూసేవాడు. ఏడాది కిందటి బేరమని తెలిస్తే మొదటి మాటకే, ఏంది వదినా ఇది అనడా? పైపెచ్చు బుధవారం ఆఖరంటున్నాడు."

"అవును కదా."

"అడుగు."

"ఏమని అడగను?"

"ఏదో ఒకటి. నాకా తెలిసేది, నాలుగు కర్రలు తప్ప?"

"...గోపాల్ గారూ."

"చెప్పండి వదినా. మీ అక్కయ్య ఏమంటరు, కొందామా వద్దా?"

"ఆవిడ దయగల ఆట అంటున్నారు. గోపాల్ గారూ, మొన్న శనివారం మ్యాచ్ చూశారా?"

"చూడకుంటే ఎట్ల? చూసిన."

"హన్రహన్ ఎలా ఆడాడు?"

"పర్వాలేదు. రెండో సగంల కాలు కుంటిండు. అందుకే చెప్తున్న, ఇచ్చేయాలని."

"సెప్టెంబర్ ఆఖరుతో సీజన్ అయిపోతుందండీ. అక్టోబర్లో మ్యాచ్‌లుండవు. ఈ నెలంతా కొనడాలూ అమ్మడాలే అని మావారు చెప్పేవారు."

"హలో? హలో?"

"గోపాల్ గారూ?"

"వదినా, లైన్ సరిగ్గ లేదు. వినొస్తలేదు."

"వినబడుతోంది. నేనూ చూళ్ళేదు. ఎప్పుడూ చూళ్ళేదు. మీరు ఫోన్ చేస్తారని ముందు రోజు ఇంత చదువుకుని కూర్చుంటాను. ఇవాళ పోయిన ఏడాది కాగితం పట్టుకున్నాను."

"పోయిన ఏడాదిదా అది?"

"మీరు చదివిందీ అదేనా?"

"పేరు కొడితే పైన అదే వచ్చింది వదినా."

"నాకూ."

"అయ్యో దేవుడా! ఇద్దరూ ఇద్దరే. ఏమనుకోకు నాయనా, నేను మల్లేశ్వరిని. నవ్వాగట్లా."

"నవ్వండి అమ్మా. నవ్వితే మంచిగుంది. ఎవరన్న నవ్వంగ విని శాన రోజులైంది."

"మానేసి ఎన్నాళ్లయింది గోపాల్ గారూ?"

"ఆరేళ్లు. నాకు డైవోర్స్ అయినప్పటి సంది. టీవీ ముంగట ఒక్కణ్ణే కూర్చుని గోల్ అని అరిస్తే ఎట్లుంటదో తెలుసా? అరిచి పక్కకి చూస్త, ఎవరుండరు. బంద్ చేసిన. గానీ శంకరన్నకి ఆ ఆటంటే పానం. నేను మానేసిన్నంటే మరి శనివారం ఏం మాట్లాడుకుంటం? ఆయనకి సంసారం, ఇల్లు, మీరు. నాకేముంది చెప్పనీకి? అందుకని శుక్రవారం రాత్రి చదువుకుని, పొద్దున ఫోన్ చేసేటోణ్ణి."

"ఆ పెసరట్టు..."

"టీవీ గాదు. ఇక్కడ మన టిఫిన్ సెంటర్. ఇంట్ల మాట్లాడితే నా గొంతే గోడకి తగిలి నాకొస్తది. ఇక్కడైతే చుట్టూ తెలుగు మాటలుంటయ్. శనివారం శనివారం మూల టేబుల్ నాదే."

"టోకెన్ ముప్పై ఏడు మీదేనా?"

"నాదే. తెచ్చుకోలే. మీరు హన్రహన్ మీద మంచి జోరు మీదుంటిరి."

"వెళ్లి తెచ్చుకోండి ముందు."

"ఒక్క మాట చెప్పనియ్యండి వదినా, మళ్ల ధైర్యం రాదు. శంకరన్న పోయే ముందు ఆఖరి శనివారం... ఆస్పత్రి నుంచి మాట్లాడిండు. నలభై నిమిషాలు. కొత్త కోచ్ మంచోడా కాదా అని. గొంతు ఆగాగి వస్తుండె. నాకు అడగాల్నని ఉండె, అన్నా, ఎట్లున్నవే, నొప్పి ఉందా అని. అడగలే. ఆయనకి ఇష్టమైన ఆట, ఆ కాసేపన్న మర్చిపోతడని, నేనూ కోచ్ అనుకుంటనే కూర్చున్న. మంగళవారం మీ ఫోనొచ్చింది. ఇష్టం లేని ఆట కోసం ఆఖరి మాట పోగొట్టుకున్న వదినా. ఏడాది నుంచి అదే. ఇగ మీకూ తెలిసిపోయింది. ఏం మొహం పెట్టుకుని చేస్త వచ్చే వారం? ఉంట వదినా."

"పెట్టకండి. గోపాల్ గారూ, ఫోన్ పెట్టకండి."

"పెట్టకు నాయనా, ఆమెకేదో చెప్పాలంట. చెప్పవే. కళ్లు తర్వాత తుడుచుకుందువుగానీ, చెప్పు."

"ఆయన మానేసి తొమ్మిదేళ్లయింది."

"ఎవరు?"

"మీ శంకరన్న. మొదటి బైపాస్ తర్వాత నుంచీ చూళ్ళేదు. 'గోపాల్‌గాడికి ఆ ఆట తప్ప ఎవరూ లేరే, నేను మానేశానంటే వాడు ఫోన్ చెయ్యడు' అనేవారు. ప్రతి శుక్రవారం నేను ప్రింట్ తీసేదాన్ని. శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ, 'ఇవాళ వాడితో దేని మీద పోట్లాడను, రెండు పాయింట్లు చెప్పవే' అని నన్నే అడిగేవారు."

"వదినా..."

"ఆస్పత్రిలో చివరి శనివారం, ఆయనకి కళ్లు సరిగ్గా ఆనడం లేదు. ఆ నలభై నిమిషాలూ మంచం పక్కన నిలబడి, కాగితం పట్టుకుని, కోచ్ సంగతులన్నీ ఆయన చెవిలో చెప్పింది నేనే."