ఎలెంగమ్మ బస్సు

గంగరత్నమంటే ఎవరనుకున్నారు, మన గోదారి లంకలో కొబ్బరి దింపు తీసే సూర్రావు లేడూ, ఆడి పెళ్ళాం. సూర్రావు చెట్టు మీంచి పడి నడుం ఇరగ్గొట్టుకున్నాడు కదా, ఆ యేడే ఆవిడ సైప్రస్ ఎల్లింది. దుబాయి కాదండి, కువైటూ కాదు, సైప్రస్. సముద్రం నడిమధ్యన అదో దీవంట. ఏజెంటు ఏం చెప్పాడంటే, ఏం లేదమ్మా, ఓ ముసలావిణ్ణి చూసుకోడమే, కూచోబెట్టడం నించోబెట్టడం, అంతే పని అన్నాడంట. ఇంటికాడ మొగుణ్ణి కూచోబెట్టి నించోబెడతానే ఉన్నాను గదా, అదేదో అక్కడ చేస్తే ఈయన మందులకి ఆసరా అవుద్ది అనుకుంది గంగరత్నం. అత్తగారికి మొగుణ్ణి అప్పజెప్పేసి ఇమానం ఎక్కేసింది. దిగాక ఏ సముద్రం ఒడ్డునో మేడలో ఉంటాననుకుంది పాపం. కారు కొండలెక్కీ ఎక్కీ, ఓ ఊళ్లో దింపింది. ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు, ఆవిడకి తిరుగుద్ది. రాతిగోడల ఇళ్ళు, పైన ఎర్రపెంకులు, నీలం తలుపులు, ఒకదాని నెత్తిమీద ఒకటి పెట్టినట్టు కొండమీద అంటుకుని ఉంటాయంట. సగం ఇళ్ళకి తాళాలు. ఆ రోజు మొగుడితో ఫోన్లో ఏమందో తెలుసా, "ఇదేం ఊరయ్యా బాబూ, మనుషుల కంటే పిల్లులే ఎక్కువున్నాయి" అందంట.

ముసలావిడ పేరు ఎలెంగూ. గంగరత్నం నోట్లో పడి అది ఎలెంగమ్మ అయిపోయిందనుకోండి. జారిపడితే తుంటి ఇరిగింది, ఆపరేషన్ చేశారు, నడవమ్మా నడవమ్మా అని డాక్టర్లు పోరారు. ఆవిడ నడవదు. గోడకేసి తిరిగి పడుకునే ఉంటాది. సూపు పెడితే నాలుగు చెంచాలు, మళ్ళీ గోడ. ఒక్కతే కూతురు, మరూలా అని, పట్నంలో పంతులమ్మ. ఆదివారం ఆదివారం ఒచ్చి చూసెల్లేది. ఆవిడా ఈవిడా ఒచ్చీరాని ఇంగ్లీషులో మాట్టాడుకునేవోరు. మరూలా ఏమందంటే, ద్రాక్షకోతల నాటికి మా అమ్మ లేచి నడవకపోతే నేను పట్నంలో వృద్ధాశ్రమంలో చేర్పించేస్తాను, నా వల్ల కాదు, అంది. మరి నేనో అని గంగరత్నం అడగలేదు. అడక్కపోయినా తెలుసు గదండీ. ఎలెంగమ్మ ఆశ్రమానికెల్తే గంగరత్నం లంకకొచ్చెయ్యాల్సిందే.

ఒచ్చిన కొత్తల్లో ఏమైందంటే, ఈవిడ వంటింట్లో ఉంటే లోపల గదిలోంచి ముసలావిడ "ఎలా! ఎలా!" అని కేకేసిందంట. గంగరత్నానికి ఏం వినపడింది? ఎల్లు, ఎల్లవే, అని వినపడింది. ఓహో, నేనెదురుగా ఉంటే చిరాగ్గా ఉంది కాబోలు పెద్దావిడకి, అని తలుపు దగ్గరికేసి బయటికెల్లిపోయింది. ఆ భాషలో ఎలా అంటే రమ్మని అర్థమండీ! ఆవిడేమో రా రా అంటాది, ఈవిడేమో పొమ్మంటందని పోతాది. ఆవిడ ఇంకా గట్టిగా అరుస్తాది, ఈవిడ ఇంకా దూరం పోతాది. అలా పోయి పోయి ఊరంతా తిరిగింది. చిన్న చర్చి, దాని పక్కన కొండలోంచి నీళ్ళు కారే ఊట, కాఫీ కొట్టు ముందు కుర్చీల్లో ముసలాళ్ళు. సందుల్లో ఇంటింటికీ ద్రాక్షపందిళ్ళు, మన బీరపందిళ్ళలాగ. తిరిగి తిరిగి ఎలెంగమ్మ ఇంటి ఎనకమాల పల్లంలోకి దిగితే, అక్కడ కనపడింది బస్సు.

పాతకాలం బస్సండి. మూతి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాది చూడండి, అలాంటిది. కింద నీలం, పైన మీగడ రంగు, నెత్తిమీద సామాన్లెట్టుకునే కటకటాలు. రంగు పెచ్చులూడిపోయింది గానీ ఒకప్పుడు దాన్ని ముద్దుచేసినోళ్ళున్నారని తెలిసిపోతందంట. బైబిల్లో అంజూర చెట్టని ఒస్తాది చూశారా, ఆ చెట్టు కొమ్మ ఒకటి ఎనకాల కిటికీలోంచి లోపలికి దూరి, సీటు మీద ఆకులేసుకుని కూచుంది. తలుపుకి తీగ చుట్టి ఉంది. తుప్పుపట్టిన తీగ, ఇలా అంటే అలా ఊడొచ్చేసింది. లోపలికెక్కి ఓ సీట్లో కూచుంది గంగరత్నం. కూచుంటే ఏడుపొచ్చిందంట. ఎందుకే అంటే, ఏమో, బస్సు సీట్లో కూచుంటే ఇంటికెల్తన్నట్టు అనిపించింది, అంది నాతో. కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, పైకి చూస్తే డైవరు నెత్తిమీద చిన్న గంట. కండక్టరు తాడు లాగితే మోగుద్దే, ఆ గంట. తాడు తెగిపోయింది. చేత్తో కొట్టింది. టింగ్ టింగ్ టింగ్. నిశ్శబ్దంగా ఉన్న ఊరేమో, కొండంతా వినపడింది.

ఇంటికొచ్చి చూస్తే, ఎలెంగమ్మ మంచం మీద లేచి కూచునుంది! ఎవరూ లేపకుండా, తనంతట తను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈవిణ్ణి చూడగానే చేతిలో ఉన్న కప్పు ఇసిరేసింది. అది గోడకి తగిలి ముక్కలైపోయింది. ఇంతలోకి కాఫీ కొట్టు హంబీ పరిగెత్తుకొచ్చాడు. ఈ హంబీ ముసలాయన ఒకప్పుడు ఇంగ్లీషు సైన్యం వోళ్ళ కాడ వంటోడు, అంచేత ఇంగ్లీషొచ్చు. ఆయన చెప్పాడంట, అమ్మాయ్, ఆ బస్సు వీళ్ళాయనది. కిర్యాకో అని. ఆయనే ఓనరు, ఆయనే డైవరు. రోజూ పొద్దున్నే ఊరందర్నీ పట్నం తీసుకెల్లి సాయంత్రం తీసుకొచ్చేవోడు. ఈవిడ జున్ను బుట్టలేసుకుని ఆయన ఎనక సీట్లో కూచునేది, గంట కొట్టేది ఈవిడే. ఓ సాయంత్రం ఆయన బస్సు ఆపి, తుడిచి, నా కొట్లో కాఫీ తాగి, కుర్చీలోనే పోయాడు. ఆ మర్నాడు ఈవిడ తలుపుకి తీగ చుట్టేసింది. అప్పట్నించి ఇంటెనక్కి తిరిగి చూడలేదు. ఎలా అంటే రా అని కూడా అప్పుడే చెప్పాడాయన, నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళెట్టుకుని.

గంగరత్నం ఆ రాత్రంతా బాధపడిందంట. అయ్యో, మొగుడి వస్తువు ముట్టుకున్నానే అని. కానీ మర్నాడు పొద్దున్న సూపెడుతుంటే ఎలెంగమ్మ గోడకేసి తిరగలేదు. ఈవిడకేసి తిరిగి, ఒక ఏలు చూపించి గుప్పెట మూసింది, రెండేళ్ళు చూపించి చెయ్యి ముందుకు తోసింది. మళ్ళీ మళ్ళీ అదే. గంగరత్నానికి వెలిగింది. ఒకటి కొడితే ఆగు, రెండు కొడితే పద! మూడు కొట్టావేంటే మొద్దూ, అని తిడతంది ముసల్ది! కొట్టినందుకే కాదు, తప్పుగా కొట్టినందుకూ కోపమే.

అప్పుడు గంగరత్నానికి ఓ బుద్ధి పుట్టింది. చూశారా, మొగుణ్ణి మంచం మీంచి లేపిన మనిషి గదా. చీపురు పట్టుకుని పల్లంలోకి దిగి, కోడిపెంటా ఆకులూ ఊడ్చేసి, సీట్లు తుడిచి, గంటకి కొత్త తాడు కట్టి, ఓ మూడు కొట్టింది. పైనించి తిట్లు. మర్నాడు నాలుగు కొట్టింది. ఇంకా పెద్ద తిట్లు, ఈసారి కిటికీలోంచి. కిటికీ దాకా ఎలా ఒచ్చింది? నడిచి! నడవడానికి డాక్టర్లిచ్చిన ఇనప చట్రం పట్టుకుని, పళ్ళు కొరుక్కుంటా, గంగరత్నాన్ని కొట్టడానికి నడిచింది. ఆ పై రోజులు గుమ్మం, ఆ పైన అరుగు. గంగరత్నం అటు గంట కొట్టడం, ఇటు లగెత్తుకొచ్చి ఆవిడ పడకుండా పక్కన చెయ్యట్టుకోడం. తిడతానే ఉండేది ఎలెంగమ్మ. "తిట్టు మామ్మా తిట్టు, అడుగెయ్యి" అని తెలుగులోనే అనేదంట ఈవిడ. ఆవిడకేం అర్థమైందో గానీ అడుగేసేది.

ఓ రోజు బస్సు దాకా ఒచ్చేసింది. మెట్టు ఎత్తు, తుంటి లేవదు. గంగరత్నం ఆవిడ నడుం చుట్టూ చెయ్యేసి, మన సూర్రావుని ఎత్తినట్టే, హుప్పని ఎత్తి లోపల పెట్టింది. డైవరెనకాల మొదటి సీటు. కూచుంది ఎలెంగమ్మ. సీటు మీద చేత్తో రాసింది, అంతే. తరవాత తలెత్తి, డైవరు సీటు చూపించి, ఏంటే చూస్తావు, కూచో, అన్నట్టు సైగ చేసింది. సైకిలు కూడా తొక్కడం రాదండి గంగరత్నానికి! కూచుని చక్రం పట్టుకుంది. ఎనకనించి ముసలావిడ టింగ్ టింగ్. ఇంకేం చేస్తాది, నోటితోనే బుర్రుమని స్టార్ట్ చేసి, "రావులపాలెం, రావులపాలెం! కొత్తపేట ఎక్కండమ్మా!" అని కేకేసింది. ఎలెంగమ్మ నవ్వు గంగరత్నం మొదటిసారి ఇన్నదప్పుడేనంట. ఆవిడా తన ఊళ్ళ పేర్లు కేకేసింది. ఏదో పేరు చెప్పి గమ్మున ముందుకి ఒంగి గంగరత్నం భుజం మీద చెయ్యేసింది. మాట తెలీకపోయినా, అక్కడ మలుపనీ, నెమ్మదనీ అర్థమైంది. గంగరత్నం నెమ్మదిగా తిప్పింది చక్రం. ఆ చెయ్యి తీసేదాకా ఎనక్కి తిరగలేదంట. ఎందుకు తిరగలేదే అంటే, ఆ చెయ్యి నా మీద కాదు గదా, ఆయన భుజం మీద గదా ఏసింది, అంది.

ఆ రోజు ఫోన్లో మొగుడితో "బస్సు నడుపుతున్నానయ్యా" అంటే, సూర్రావు "నీకేమైనా జొరమా?" అన్నాడంట.

కాఫీ కొట్టు ముందు కూచునే ముసలాళ్ళు ఊరుకుంటారా. ముందు హంబీ ఒచ్చాడు కాఫీ పళ్ళెంతో. తరవాత ఒకళ్ళెనక ఒకళ్ళు. నేను మర కాడ ఎక్కేవోణ్ణి అని ఒకాయన, నా పెళ్ళికి పెళ్ళికూతుర్ని ఈ బస్సులోనే తెచ్చారని ఇంకొకాయన. ఎవరి పాత సీట్లో వాళ్ళు కూచుంటారు, వేరేవాళ్ళు కూచుంటే తగువు! రోజూ పొద్దున్నే బస్సు నిండిపోయేది. ఆదివారం మాత్రం ఎలెంగమ్మ మంచం దిగేది కాదు. ఎందుకో తెలుసా? ఆదివారం బస్సు లేదు గదండీ! మరూలా ఒచ్చేదేమో ఆదివారం. అమ్మ నడిచిందంటే నమ్మేది కాదు. గోడకేసి తిరిగున్న అమ్మనే చూసెల్లిపోయేది.

ద్రాక్షకోతలు ఒచ్చేశాయి. ఆ ఊరి ప్రెసిడెంటుని ముక్తారంటారు. ఆయనకి ఆ పల్లంలో టూరిస్టుల కార్లు పెట్టించాలని ఉంది. లారీ మాట్టాడాడు, బస్సుని పాత ఇనప సామానోడికి ఇచ్చేద్దామని. పైగా మరూలాకి ఫోన్ చేసి, మీ పనావిడ ముసలాళ్ళందర్నీ తుక్కులో కూచోబెడతంది, ఎవరన్నా పడితే పూచీ ఎవరిదీ అన్నాడు. మరూలా బడికి సెలవు పెట్టి మండిపడతా ఒచ్చింది. లారీ, మరూలా ఒకేసారి దిగారు. గంగరత్నం బస్సు మెట్టు మీద నించునుంది. ఇంక అయిపోయింది నా పని, సంచీ సద్దుకోడమే అనుకుంది. "మా అమ్మేది?" అని అరిచింది మరూలా. గంగరత్నం పక్కకి తప్పుకుంది. లోపల చూస్తే, వాళ్ళమ్మ సీట్లో నిటారుగా కూచునుంది. కూతుర్ని చూసి ఎలెంగమ్మ ఏమందో హంబీ తరవాత చెప్పాడు. "ఆలస్యమైంది, బడికెల్లవా? ఎక్కు" అందంట. అంత పంతులమ్మా, గుడ్లనీళ్ళు కుక్కుకుంటా ఎక్కి అమ్మ పక్కన కూచుంది.

ముక్తారొచ్చాడు, దిగండి దిగండి అని. ఎవరూ దిగరు. గట్టిగా గదమాయించాడు. ఎనక సీట్లోంచి ఓ ముసలావిడ లేచింది, ఎవరో కాదండి, ఆ ముక్తారు తల్లే! దెస్పినమ్మ. "ఒరే, నిన్ను టీకాలకి ఈ బస్సులోనే తీసుకెల్లాను. దారంతా నా ఒళ్ళో వాంతి చేసుకున్నావు. కిర్యాకో ఒక్కమాట అన్లేదు, బస్సాపి కడుక్కున్నాడు. ఇప్పుడు నన్ను దిగమంటావా?" అందంట. లారీవోడు పక్కకి తిరిగి నవ్వేసుకున్నాడు. ముక్తారు మొహం కందగడ్డయిపోయింది. ఇక్కడ మాత్రం ఉంచడానికి లేదమ్మా, అని నసిగాడు. అయితే నా కొట్టు ముందు పెట్టించు, నాకేం అడ్డం కాదు, అన్నాడు హంబీ. సరే, ముందు దిగండి మరి, లాగాలి గదా అంటే, దెస్పినమ్మ సీట్లో సద్దుకుని కూచుని, "ఇలాగే లాగమను" అంది.

లారీవోడు మంచోడు. చక్రాలకి గాలి కొట్టాడు, గాలి నిలవని వాటికి తన దగ్గరున్నవి తగిలించాడు, అంజూర కొమ్మ నరికాడు, గొలుసు కట్టాడు. టింగ్ టింగ్. కదిలింది! కిర్రుమని, మూలిగి, కదిలింది. గంగరత్నం చక్రం పట్టుకుని నిజంగానే తిప్పింది ఈసారి, హంబీ పక్కనుండి ఇటు అటు అని చెప్తా ఉంటే. తాళాలేసిన ఇళ్ళ మధ్యనించి, ద్రాక్షపందిళ్ళు పైన రాసుకుంటా, పిల్లులు పక్కకి గెంతుతా, నత్తలాగ ఎల్లింది బస్సు. ఒకాయన పాటెత్తుకున్నాడు. మరూలా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, చిన్నపిల్లలాగ, ఆకులు అందుకుంది. కాఫీ కొట్టు ముందు ఎలెంగమ్మ ఒక్క గంట కొట్టింది. ఆగింది. తనంతట తను రెయిలింగు పట్టుకుని, మెట్టు మీద ఓ కాలు, నేల మీద ఓ కాలు, దిగింది ఎలెంగమ్మ. దిగాక కూతురి చెయ్యి పట్టుకోలేదు, గంగరత్నం భుజం పట్టుకుంది.

మరింక ఆశ్రమం మాట ఎవరూ ఎత్తలేదు. గంగరత్నం అక్కడే ఉండిపోయింది ఎలెంగమ్మ పోయేదాకా. సూర్రావు కర్ర సాయంతో నడవడం మొదలెట్టాడని ఫోనొచ్చిన ఏడాదే, ఓ మధ్యాహ్నం సూపంతా తాగి నిద్రలో పోయింది ఎలెంగమ్మ. మట్టి చేసొచ్చాక మరూలా అడిగిందంట, అమ్మ గుర్తుగా ఇంట్లో ఏది కావాలన్నా తీసుకో అని. ఎండి చెంచాలున్నాయి, గోడగడియారం ఉంది. ఈవిడ, ముసలావిడ తలకి కట్టుకునే నల్లగుడ్డ తెచ్చుకుంది. ఇప్పుడు ఊడుపులకెల్లినా, కూపన్ బియ్యానికెల్లినా తలకి అదే. ఏంటే ఆ గుడ్డ అని ఎవరన్నా అడిగితే, ఎండకి సల్లగా ఉంటాదొదినా అంటాది. ఎండకేనంట! మొన్న మూడ్రోజులు ముసురట్టిందా, గొడుగు లేకుండా తడుస్తా మా ఇంటికొచ్చింది, తలకి అదే గుడ్డ. నేనేం అడగలేదండి. తుడుచుకోమని తువ్వాలిచ్చి, టీ పెట్టాను, ఆయ్.