లోపలి గడి

కడియం, రెండువేల అయిదు. నర్సరీ ఆఫీసు గదిలో యజమాని అబ్బులుగారు, ఆయన కంప్యూటరులో ప్రోగ్రాము రాసే తబిత.

"ఉండమ్మా, ఉండు. గులాబీకి ఒకటి, క్రోటనుకి ఒకటి, మావిడంటుకి ఒకటి... నీకు ముందు చేసినాయన ఇలాగే కదా రాసింది?"

"అదేనండి గొడవ. మొక్కకి కట్టే చీటీ అచ్చెయ్యడానికి ఒకటే కోడు ప్రతిదానికీ మళ్ళీ మళ్ళీ రాశారు. మీరు ధరనో, రంగనో కొత్త గడి ఒకటి పెట్టమంటే అన్నిచోట్లా మార్చుకుంటూ పోవాలి. ఒకచోట మర్చిపోయామా, మందారం చీటీ మీద పేరు కూడా ఉండదు."

"మరిప్పుడో?"

"ఇప్పుడు అన్నిటికీ ఒక్కటేనండి. రిఫ్లెక్షన్ అంటారు. ఏది ఇచ్చినా దాన్నే అడుగుతుంది, నీలో ఏమేం గడులున్నాయని. ఉన్నవన్నీ అచ్చేస్తుంది. మొక్కలైనా, కొనేవాళ్ళయినా, మన పనివాళ్ళయినా."

"ఉన్నవన్నీ."

"ఆయ్. ఉన్నవన్నీ."

"అన్నీ అంటే... ఆ లోపలి గడి కూడానా?"

"ఏ లోపలి గడండి?"

"అదేనమ్మా. ఒక్కొక్కళ్ళ గురించి నా మటుకు నేను రాసుకోడానికి పెట్టించుకున్నాను చూడు. ప్రైవేటు అన్నావు. బయటికి రాదన్నావు."

"మామూలుగా రాదండి."

"మామూలుగా అంటే?"

"రిఫ్లెక్షన్‌తో తెరిస్తే వస్తుందండి. తెరవమని ఒక లైను రాశాను. ఏదీ వదలద్దని మీరే అన్నారు కదా."

"మరి జగన్నాథరావుగారి లోడుకి చీటీలు..."

"పొద్దున్నే అచ్చేశానండి, మొక్క వివరాలూ కొనే ఆయన వివరాలూ కలిపి."

"తబితమ్మా, లారీ ఎక్కడుంది?"

"ఆయనగారి గురించి ఏం రాశారేంటండి?"

"ఏం లేదులే. లారీ ఎక్కడుంది?"

"ఏం లేకపోతే కంగారెందుకండి?"

"ఈయనకి మొక్కలు తెలీవు, నాలుగు వాడినవి కలిపినా పట్టుకోలేడు అని రాశాను. చాలా? చిన్నప్పట్నించీ స్నేహం. మొక్క కావాలంటే ఇంకో నర్సరీ గడప తొక్కడాయన. ఆ చీటీ మొక్కకి కట్టి ఆయనకే పంపితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? రేపట్నించి నువ్వు పన్లోకి రావద్దు."

"లారీ గేటు దగ్గరే ఉందండి. చీటీలు నేనే ఆపాను. ఆ లైను తీసేసి, మళ్ళీ అచ్చేసి కట్టించాను. వాడిన మొక్కలు కూడా దింపించేశాను."

"దింపించావా? ... సర్లే. మంచి పని చేశావు. బతికించావు తల్లీ."

"అయితే రేపు రమ్మంటారా అండి?"

"రాకేం చేస్తావు. ఆగు, ఆగు. చీటీలు కట్టకముందే ఇదంతా నీకెలా తెలిసింది?"

"అదండి... చీటీలు అచ్చేశాక, మిగతావి కూడా సరిగ్గా వస్తున్నాయో లేదోనని పనివాళ్ళ కార్డు ఒకటి అచ్చేసి చూశాను."

"ఎవరిది?"

"ఎవరిదో ఎందుకని నాదే వేసుకున్నానండి."

"చదివావా?"

"చదివానండి."

"ఏం... ఏం రాసుంది?"

"'ఈ పిల్ల పని బాగా చేస్తుంది. జీతం పెంచాలి. తనంతట తను అడిగేదాకా మాత్రం మనం ఆ మాట ఎత్తకూడదు' అనుందండి."

"ఊఁ."

"అడుగుతున్నానండి."