జాయిక్ నదీముఖాన ముప్పై ఏడు వసంతాలు

1986 సెప్టెంబరు 15వ తేదీన శ్రీమతి బాల్జాన్ ఉతెగెనోవా గారు మన స్టర్జన్ చేపల ఉత్పత్తి కేంద్రంలో ప్రయోగశాల సహాయకురాలిగా విధుల్లో చేరారు. అప్పటికి వారి వయసు ఇరవై నాలుగు. కాస్పియన్ సముద్రం నుంచి జాయిక్ (ఉరల్) నదిలోకి ఎదురెక్కి వచ్చే బెలూగా జాతి తల్లి చేపలకు ఆ వసంతాలలో కొదవ లేదు.

తొంభైల దశకం వచ్చేసరికి నదీముఖం వలలతో మూసుకుపోయింది. గుడ్ల కోసం కడుపు చీల్చి, మిగతా చేపను ఒడ్డున పారేసిన దృశ్యం చూసి, ఇంటికి వెళ్లి అన్నం ముట్టని రోజులు బాల్జాన్ గారికి అనేకం. వారు చేతులారా పెంచి నదిలో విడిచిన లక్షలాది చేప పిల్లల్లో తిరిగి వచ్చినవి కానరాలేదు. లోపం మత్స్యకారులదని నదీ రక్షక దళం, దళానిదని మత్స్యకార సంఘం, ఇద్దరిదీ అని మన కేంద్రం నిందలు వేసుకుంటూ కాలం గడిపాయి.

2005లో సీనియర్ జీవశాస్త్రవేత్త హోదాలో వారు ఈ మూడు సంస్థలనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే సంకల్పం చేశారు. వారి ప్రతిపాదన ప్రకారం, చేపలు ఎదురెక్కే నలభై రోజులు నదీముఖంలో ఎవరూ వల వేయరాదు. మత్స్యకారులే రక్షక దళంతో కలిసి కాపలా కాయాలి. మత్స్యకార సంఘానికి అధ్యక్షులు మరెవరో కాదు, బాల్జాన్ గారి సొంత అన్నగారు ఒరిన్‌బాయ్.

"చేపలకు పురుళ్లు పోసీ పోసీ మనుషుల ఆకలి మరిచిపోయావే" అన్నారట ఆయన, టీ గిన్నె పక్కకు నెట్టి. "నలభై రోజులు వల ఎండబెట్టి పొయ్యి మీద ఏం పెట్టమంటావు, నీ డిగ్రీ కాగితమా?"

"వల వేస్తే మాత్రం ఏం పడుతోందన్నా? నిరుడు ఎన్ని బెలూగాలు పట్టావో చెప్పు."

"చెప్పను" అన్నారాయన. "సిగ్గేస్తుంది."

మర్నాడు ఒప్పందంపై తొలి సంతకం ఆయనదే.

2008 ఏప్రిల్‌లో ఉమ్మడి కాపలా పడవ పెనుగాలికి తిరగబడి ఒరిన్‌బాయ్ గారు మునిగిపోయారు. మూడో రోజున దేహం దొరికింది. ఖననం అయిన మరునాటి ఉదయమే చెల్లెలు కేంద్రానికి వచ్చారు. "ఇంటికెళ్లండి అపా, మేం చూసుకుంటాం" అని సహాయకురాలు సొంత అక్కను బతిమాలినట్టు బతిమాలితే, "గుడ్లు పక్వానికొచ్చాయి, మన దుఃఖం కోసం ఆగుతాయా? గిన్నె పట్టుకో" అన్నారు. ఆ రోజంతా వారు చేతిలోని పని ఆపలేదు. కళ్లు మాత్రం ఆరలేదు.

అంతకన్నా పెద్ద శిక్ష ఇంట్లో ఎదురైంది. "నువ్వు సంతకం పెట్టించబట్టే కదా నా ఇల్లు కూలింది" అని వదినగారు కుల్యాష్ ఏడాది పాటు మాట మానేశారు. బాల్జాన్ గారు రాజీనామా పత్రం రాసి సంచిలో పెట్టుకుని తిరిగారు. మరుసటి వసంత సమావేశానికి ఆ వదినగారే పిలవకుండా వచ్చి, గుమ్మంలో నిలబడి, "మా ఆయన కుర్చీ ఖాళీగా ఉంచారేం? నేను కూర్చుంటాను, జరగండి" అన్నారు. మరదలి వైపు చూడకుండానే, "నీ మీద కోపం పోలేదు. చేపల మీద నాకేం కోపం?" అన్నారు. బాల్జాన్ గారు ఆ పత్రాన్ని చించివేశారు. నేటికీ సంఘం పక్షాన ఆ కుర్చీలో కూర్చునేది కుల్యాష్ గారే.

పదవీ విరమణకు నెల ముందు, ఈ ఏప్రిల్‌లో, కాపలా పడవ నుంచి కుల్యాష్ గారి ఫోను వచ్చింది. "బాల్జాన్, త్వరగా రా. ముసలిది వచ్చింది." పందొమ్మిదేళ్ల కిందట మన కేంద్రం గుర్తు వేసి వదిలిన బెలూగా, నిండు చూలుతో నీళ్లలో ఒదిగి ఉంది. వదినా మరదళ్లు మోకాలి లోతున నిలిచి, ఆ గుర్తు అంకెలను రెండుసార్లు చదివారు. ఆపైన ఇద్దరూ కలిసి దానిని ఎగువకు వదిలిపెట్టారు.

"ఇన్నేళ్లకు ఒక్కటేనా అపా?" అని ఎవరో నిట్టూర్చారు.

"ఒక్కటే. చాలదు" అన్నారు బాల్జాన్ గారు, తడి చేతులతోనే ముఖం తుడుచుకుంటూ. "అయినా వచ్చింది కదమ్మా."

ఆమె చేతి చలవతో పెరిగినవన్నీ దారి తెలుసుకుని ఇంటికి చేరే వసంతాలను కళ్లారా చూసేటంత దీర్ఘాయుష్షు, నది ఒడ్డున కర్ర ఆసరా లేకుండా నడిచేటంత ఆరోగ్యం, వదినగారి పక్కన ప్రశాంతంగా టీ తాగేటంత తీరిక బాల్జాన్ గారికి లభించాలని మూడు సంస్థల సిబ్బంది తరఫున మనసారా కోరుకుంటున్నాము.