కరెంటు బండికి కట్టిన క్యూ

"హారన్ బాబాయ్, ఆ ఫ్లైఓవర్ సంగతేదో వీళ్లకి కూడా చెప్పు."

పిలిచింది టైర్ల షాపతను, అమ్మాయి వాళ్ల నాన్నని. ఆ పిలుపు వినగానే అమ్మాయి కంగారుగా నాన్నవైపు చూసింది. టీ కొట్టు ముందు బల్ల మీద ఆయన పక్కనే కూర్చుని ఉందామె. పొద్దున్నించీ ఆయనకి ఒకటే పాఠం చెబుతూ వచ్చింది. బండి చూడటానికి ఆవిడ వచ్చాక మూడే మాటలు చెప్పాలి, బండి వయసు, బ్యాటరీ సంగతి, ధర. నాలుగో మాట వద్దు. ఆయనా సరేనన్నాడు. కానీ మనిషి రాకముందే గొంతు వచ్చేస్తుందని కదా ఆయనకి వీధివాళ్లు ఆ పేరు పెట్టింది.

ఆవిడ రానే వచ్చింది, ఎదుటి బల్ల మీద కూర్చునే ఉంది. ఊరి చివర మొక్కలు పెంచి అమ్ముతుందట, చెప్పులకి ఇంకా తడి మట్టి ఉంది. సామాన్లు మోసే కరెంటు పికప్ బండి అమ్మకానికి ఉందన్న ప్రకటన చూసి నిన్న పొద్దున ఫోన్ చేసింది. ఆ ప్రకటన పెట్టి నలభై మూడు రోజులు. మోగిన ఫోను అదొక్కటే.

అసలు నాన్న వడ్రంగి. రెండేళ్ల కిందట, ఆ బండ్ల కోసం జనం ఎగబడుతున్న రోజుల్లో, ఉన్న చిత్రిక మిషను అమ్మేసి మరీ పూర్తి ధరకి కొన్నాడు. ఇక చెక్క గీకేది లేదు, ఊరందరి సామాన్లూ మనమే మోస్తాం అన్నాడు. ఆ తర్వాత కంపెనీ కొత్త బండి ధర ఒకసారి తగ్గించింది, మళ్లీ తగ్గించింది. పాత బ్యాటరీ అంటే జనానికి భయం పట్టుకుంది. మోసే సామాన్లు కూడా అంతంతమాత్రమే. మిషను కొన్నాయన మాత్రం మంచివాడు, డబ్బు తెస్తే తిరిగిచ్చేస్తాను, ఈ వారం దాకా ఆగుతాను, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఈ బండి అమ్ముడుపోతే మిషను తిరిగొస్తుంది, మూతపడ్డ షట్టరు పైకి లేస్తుంది, అమ్మాయి మళ్లీ తలుపులకి పాలిష్ పెడుతుంది. ఆ పాలిష్ వాసనకి ఆమె మొహం వాచిపోయి ఉంది.

"అబ్బే, అదంత చెప్పుకోదగ్గ సంగతేం కాదు," అంటూ నాన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. గ్లాసు కింద పెట్టాడంటే చేతులకి పని పడిందన్నమాటే.

చిన్నగానే మొదలుపెట్టాడు. నాలుగు బీరువాలు వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కాడట. పైకి చేరేసరికి బ్యాటరీలో అయిదు శాతమే మిగిలిందట. దిగుడులో బ్రేకు వేస్తే ఈ బండ్లకి చార్జింగు కాస్త వెనక్కి వస్తుంది కదా, కిందికి దిగేసరికి అది ఏడు అయిందట. ఇక్కడిదాకా అమ్మాయికి పేచీ లేదు. ఆ రోజు పక్క సీట్లో తనూ ఉంది. బీరువాలు రెండే, అయినా పోనీలే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలిసినా నువ్వు ఊరుకోవుగా, అన్నాడు పక్కన మారుతాళాలు చేసే పెద్దాయన.

ఒకసారి దిగితే రెండు వస్తే, పదిసార్లు దిగితే ఎంత రావాలి? అందుకని వెళ్లి మళ్లీ దిగాడట. తొమ్మిది అయిందట. మళ్లీ దిగాడట, మళ్లీ మళ్లీ దిగాడట, మధ్యాహ్నం భోజనం వేళకి వంద. మరి ఎక్కేటప్పుడు ఖర్చయిపోదా బాబాయ్ అని టైర్లతను అడిగాడు. ఆ మాత్రం తెలీదా తనకి? ఎక్కేటప్పుడు రివర్సులో ఎక్కాడట, బండి అది కూడా దిగుడే అనుకుందట. నూట పన్నెండు చూపించేసరికి కంపెనీ నుంచి ఫోను, సార్, మీకు పుణ్యముంటుంది, ఇక దిగకండి అని. దిగకపోతే ఇంటికెలా రావడం? వచ్చాడట. ఎక్కువైన కరెంటు ఎక్కడ పొయ్యాలో తెలియక వైరు లాగి వీధి స్తంభానికి తగిలిస్తే, పట్టపగలు వీధి వీధంతా దీపాలట. లాండ్రీ షాపులో ఇస్త్రీపెట్టె రెండు రోజులు చల్లారలేదట, ఇస్త్రీకి బట్టలు చాలక కర్టెన్లు కూడా ఊడదీశారట. ఆఖరికి కరెంటాఫీసాయన వచ్చి, ఈ నెల మేమే మీకు బిల్లు కట్టాలండీ, కాస్త రసీదు ఇప్పించండి అని చేతులు కట్టుకు నిలబడ్డాడట.

అమ్మాయికి ఒక బలహీనత ఉంది. అబద్ధమని తెలిసి కూడా, నాన్న చెబుతుంటే అంతా కళ్లముందు జరిగిపోతుంది. దీపాల వీధిలో చప్పుడు లేకుండా తెల్లటి బండి దిగి వస్తున్నట్టు, స్టీరింగు ముందు తనే కూర్చున్నట్టు, ఏదో మేడ మీంచి ఎవరో కళ్లార్పకుండా తననే చూస్తున్నట్టు. ఒక్క క్షణం ఒళ్లు మరిచిపోయింది. ఆ క్షణంలో నాన్న నాలుగో మాటేం ఖర్మ, నలభయ్యో మాట కూడా దాటేశాడు. ఉలిక్కిపడి మోచేత్తో పొడిచింది. చోటు చాలట్లేదేమో అనుకుని ఆయన కాస్త పక్కకి జరిగాడు.

ఇక కథ గిరాకీ మీదికి వెళ్లింది. మర్నాడు తలుపు తీస్తే గుమ్మంలో ఒకాయన, కొన్న ధర చేతిలో పెడతానన్నాడట. వెనకాయన దానికి రెట్టింపు అన్నాడట. ఆ వెనకాయన అసలు ధరే అడగలేదట, తాళంచెవి ఒక్కసారి పట్టుకోనిస్తే చాలన్నాడట. క్యూ వీధి మలుపు తిరిగి, వంతెన దాటి, పక్క ఊళ్లోకి పోయిందట. ఎనభయ్యో మనిషి క్యూలో తన చోటు అమ్ముకుని, ఆ డబ్బుతో ఇల్లు కొనుక్కున్నాడట.

మరి అంత గిరాకీ ఉంటే కంపెనీవాళ్లు కొత్త బండి ధర ఎందుకు తగ్గించినట్టు, అని తాళాలాయన పట్టుకున్నాడు.

"అక్కడికే వస్తున్నా పెద్దాయనా. ఊరంతా నా పాత బండే కావాలంటుంటే కొత్తది కొనేదెవరు? పాపం, తగ్గించక ఏం చేస్తారు?"

బల్లలన్నీ కదిలేలా నవ్వారు. మొక్కలావిడ ఒక్కతే నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

"నేను బయల్దేరతానండీ. ఆ దీపాల సంగతి నేను నమ్మలేదులెండి. కానీ ఎన్ని కోతలు కోసినా, ఇద్దరు ముగ్గురైనా అడిగే ఉంటారుగా. వాళ్లతో పోటీ పడే శక్తి నాకు లేదు."

ఇన్నేళ్లలో నాన్న కోతని ఒక్క పిసరు నమ్మిన మనిషి ఈవిడే, నమ్మి వెళ్లిపోతోంది. చిత్రిక మిషను ఎవరిదో బండెక్కి అమ్మాయి కళ్లముందే మలుపు తిరిగిపోతున్నట్టు కనిపించింది. నాన్న చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, పక్క ఊరిదాకా పోయిన క్యూని చూపిస్తూ.

నాలుగడుగులు వేసిన మొక్కలావిడ వెనక్కి తిరిగింది.

"నిజం చెప్పండి. నాకన్నా ముందు ఎంతమంది అడిగారు? ఒక్కరే అయితే, వాళ్లు వద్దన్నారేమో కనుక్కోడానికి రేపు మళ్లీ ఫోన్ చేస్తాను."

టైర్లతను నవ్వు ఆపేసి తన కాళ్లవంక చూసుకున్నాడు. నాన్న కూతురివైపు తిరిగాడు. ఈసారి ఆమె పొడవలేదు. ఆయన చెయ్యి మెల్లగా దిగి ఒళ్లోకి వచ్చింది.

"ఎవరూ అడగలేదమ్మా," అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. "ఒక్కరు కూడా."

"హమ్మయ్య," అని మొక్కలావిడ మళ్లీ బల్ల మీద కూలబడింది.

ఆవిడ చెప్పుకొచ్చింది. ఇప్పటికి మూడు చోట్లకి వెళ్లిందట. ఎక్కడికి వెళ్లినా, అరగంటలో ఇంకొకరు వస్తున్నారండీ అని భయపెట్టి ధర పెంచేవాళ్లేనట. ఎవరూ రావడం లేదన్న మాట చెప్పినవాళ్లు వీళ్లేనట. తాళాలాయన అందరికీ ఇంకో టీ చెప్పాడు. ఆ మూడు మాటలూ అమ్మాయే చెప్పింది. వయసు రెండేళ్లు. బ్యాటరీ సత్తువ ఇంకా నూటికి తొంభై ఒకటి, ఇదిగో పరీక్ష చేయించిన కాగితం. ధర, కొన్నదాంట్లో సగం. ఆవిడ కొంచెం తగ్గించమంది, అమ్మాయి కొంచెమే తగ్గించింది. టీ చల్లారేలోపు బేరం కుదిరిపోయింది.

నాన్న నడుం వాల్చి గోడకి ఆనుకున్నాడు. మూడు అంతస్తుల మెట్ల మీంచి బీరువా మోసి దించినవాడిలా ఉంది మొహం. అలసట, దాని మీద ఒక చిన్న నవ్వు. సాయంత్రం బండి ఎక్కడికి తెచ్చి ఇవ్వాలో అడ్రసు రాసుకోమంది మొక్కలావిడ. అమ్మాయి కాగితం కోసం చూస్తుంటే ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"అడ్రసు నాకు తెలుసమ్మా," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. "మీరు ఫోన్ చేశారని తెలియగానే కనుక్కున్నాను. నిన్న సాయంత్రం బండి శుభ్రంగా కడిగి, మా అమ్మాయికి కూడా చెప్పకుండా మీ గేటు దాకా వచ్చాను. ఎలాగైనా ఈ బండి మీరే కొనండమ్మా అని అడుగుదామని. గంటసేపు నిలబడ్డాను. గేటు తట్టే ధైర్యం చాలక తిరిగి వచ్చేశాను."