తొక్కకముందే కదిలిన బండి

మెకానిక్ షెడ్డుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద డ్రైవరమ్మ కూర్చుని చాలాసేపయింది. ఆమె నడిపేది ఆసుపత్రి అంబులెన్సు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా బండిని నేరుగా ఇక్కడికే తోలుకొచ్చింది. తెల్లవారుతుండగా, ఊపిరాడక అవస్థ పడుతున్న ఒక పెద్దావిడని ఎక్కించుకుని కొండ దారి ఎక్కుతూ, ముందున్న లారీని దాటబోయి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కింది. బండి ఉలకలేదు, పలకలేదు. ఎదురుగా బస్సు. ఎలాగో బ్రేకు మీద కాలేసి లారీ వెనక్కి సర్దుకుంది. పెద్దావిడ క్షేమంగానే ఆసుపత్రి చేరింది గానీ, డ్రైవరమ్మ కుడికాలు మాత్రం ఇంకా తన మాట వినడం లేదు. సాయంత్రం మళ్ళీ అదే బండి, అదే దారి.

మేస్త్రి బండిని వీధి చివరిదాకా నడిపి చూసి, "టర్బో లాగ్ అమ్మాయ్. ఇంజన్ చల్లారాలి, వేడి మీద చెయ్యి పెట్టలేం. రా, టీ తాగుదాం" అన్నాడు. పనిమంతుడే, ఆ వీధిలో ఎవరూ కాదనరు. కాకపోతే ఎదురుగా మేస్త్రిగారనేవాళ్ళే వెనకాల కోతల మేస్త్రి అంటారు.

"టర్బో అంటే ఏంటనుకున్నావ్? పొయ్యి ఊదే గొట్టం," అని మొదలెట్టాడు మేస్త్రి. "ఇంజన్ వదిలే పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం లోపలికి గాలి ఊదుతుంది, అప్పుడు మంట రాజుకుంటుంది. నువ్వు తొక్కడానికీ అది ఊదడానికీ నడుమ రవ్వంత ఆలస్యం, అదే లాగ్, ఏ బండికైనా ఉంటుంది, ఎక్కువైతేనే జబ్బు. ఒకసారి నా దగ్గరికి ప్లీడరుగారి కారొకటి వచ్చింది. తొక్కినప్పుడల్లా వాయిదా అడిగేది. అందరూ టర్బో మార్చాలన్నారు. నేను బానెట్ ఎత్తి చెవి పెట్టా. సన్నగా బుస్సుమంటోంది. గాలి గొట్టాలకి సబ్బు నీళ్ళు పూసి, లోపలికి గాలి కొడితే, రబ్బరు గొట్టం అడుగున బుడగ లేచింది. చిల్లి. గొట్టానికి చిల్లి పడ్డాక ఎంత ఊదితే మాత్రం మంట లేస్తుందా? కొత్తది వేసి క్లిప్పు బిగించా."

ఇంతవరకూ డ్రైవరమ్మ శ్రద్ధగా వింది. ఇంతవరకూ నిజమే అయ్యుంటుందనిపించింది. ఇక లేస్తాడని తన గ్లాసు కింద పెట్టింది కూడా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు మేస్త్రి.

టీ కొట్టతను మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టాడు. ఆ మాట వచ్చాక కథ ఎంతసేపు సాగుతుందో అతనికి తెలుసు.

"ప్లీడరుగారు ఎక్కి కాలు అలా ఆనించారో లేదో బండి వీధి దాటేసింది. సరే, లాగ్ ఆనవాలు కూడా ఉండకూడదని నేను క్లిప్పు ఇంకొంచెం బిగించా, ఎక్కువేం కాదు. మర్నాటినించి కాలు ఆనించే పని కూడా లేదు, పోదామని మనసులో అనుకుంటే చాలు, పోయేది."

"మనసులో అనుకుంటేనా?" అన్నాడు పక్కన కూర్చున్న టైర్ల తాత.

"మనసులోనే. అదే కొంప ముంచింది. ఒకరోజు వాళ్ళావిడ పక్కన కూర్చుని పుట్టింటికి పోవాలనుకుంది, ఈయన కోర్టుకనుకున్నాడు, ఇద్దరి మధ్యా స్టీరింగు గిరగిరా తిరుగుతుంటే నేనెళ్ళి విడిపించాల్సొచ్చింది. ఇక వేగమంటావా, బండి ముందు పోయేది, హారన్ తర్వాత వచ్చేది, నీడ ఆ వెనకెప్పుడో బయల్దేరేది. సాయంత్రాలు ఆ కారు నీడ ఒక్కటే రోడ్డు మీద పోతుంటే జనం పక్కకి తప్పుకునేవాళ్ళు."

"నీడకెందుకన్నా తప్పుకోవడం?" అన్నాడు టీ కొట్టతను.

"అలవాటు."

డ్రైవరమ్మకి నవ్వొచ్చినట్టే వచ్చి మధ్యలో ఆవులింతయిపోయింది. కళ్ళు మండుతున్నాయి. చొక్కా జేబులో ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. బండి అయిందా అని అడిగారు. "అవుతోందండీ," అంది. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలని ఆమెకి అప్పుడే తెలిసింది.

మేస్త్రి ఆ ఫోను అయ్యేదాకా మర్యాదగా ఆగి, వదిలిన చోటే అందుకున్నాడు. "చివరికి ఎంతదాకా వచ్చిందంటే, బయల్దేరకముందే చేరడం మొదలెట్టింది. ప్లీడరుగారు కోర్టులో దిగి చూస్తే కేసే లేదు. ఆ దొంగ ఇంకా దొంగతనమే చెయ్యలేదు."

"మరేం చేశారు?" అన్నాడు టైర్ల తాత.

"ఏం చేస్తారు, ఆ దొంగ ఇంటికెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పొచ్చారు. అలా ఊళ్ళో దొంగతనాలే లేకుండా పోయాయి. ఆఖరికి జడ్జిగారే నాకు కబురు పెట్టారు, అయ్యా మేస్త్రీ, ఆ క్లిప్పు కొంచెం వదులు చెయ్యవయ్యా, మాకు పని లేకుండా పోయింది అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బాబాయ్," అంది డ్రైవరమ్మ.

గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

"ప్లీడరుగారి బండి సంగతి నాకు తెలీదు. నేను మాత్రం పొద్దున తొక్కాను. నువ్వింకా కదల్లేదు. లాగ్ నా బండికి కాదు బాబాయ్, నీకుంది."

టైర్ల తాతకి టీ పొలమారింది. టీ కొట్టతను గబగబా గ్లాసులు కడగడం మొదలెట్టాడు, కడిగినవే. మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. షెడ్డు వైపు చూశాడు. ఇంజన్ ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది. లేచి, లుంగీ ఎగ్గట్టుకుని, రోడ్డు దాటాడు.

బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. సబ్బు నీళ్ళు పూశాడు, గాలి కొట్టాడు. గొట్టం అడుగున, చెయ్యి దూరని చోట, బుడగ లేచింది. కథలో మొదటి ముక్క నిజమేనన్నమాట. పాత గొట్టం పీకి కొత్తది తొడిగి, క్లిప్పు బిగించి, ఆమెకి తాళాలిచ్చాడు.

డ్రైవరమ్మ షెడ్డు వెనకున్న ఎత్తు మీదికి బండిని తీసుకెళ్ళింది. మధ్యలో ఆపి, ఊపిరి బిగబట్టి, కాలు తొక్కింది. బండి వెంటనే అందుకుంది. ఇంకోసారి ఆపి తొక్కింది. మళ్ళీ అందుకుంది. కిందికి వచ్చేసరికి ఆమె కాలు స్థిమితపడింది.

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఎలా ఉంది?"

"తొక్కితే పోతోంది బాబాయ్."

"తొక్కితేనా?" అన్నాడాయన, కొంచెం చిన్నబుచ్చుకుని.

"తొక్కితేనే. నాకది చాలు," అని ఆమె ఇంటికి, నిద్రకి, బండి తిప్పింది.