నిండని కార్డు

1999. మాదాపూర్, హైటెక్ సిటీ. చేతిలో పట్టే కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక కంపెనీ. పరికరాలు, మెమరీ కార్డులు దాచే గది. మధ్యాహ్నం, భోజనాల వేళ. ఆ గది రెబెక్కా చూసుకుంటుంది. సంయుక్త పక్క విభాగంలో టెస్టరు.

“ఇంతకంటే చిన్నది లేదా అక్కా?”

“చిన్నదా? ఈ అల్మారా కాడికొచ్చినోళ్లందరు ఇంకా పెద్దది ఉన్నదా అని అడుగుతరు. చిన్నది అడిగింది నువ్వొక్కదానివే.”

“చిన్నదంటే, పైన అంకె పెద్దదే ఉండాలి. లోపల తక్కువ పట్టాలి.”

“ఏంది?”

“పైన ముప్పైరెండు ఎంబీ అని రాసి ఉండాలి. పట్టడం మాత్రం ఎనిమిదో పదో పట్టాలి.”

“సంయుక్తా, అన్నం తిన్నవా ఇయ్యాల?”

“తిన్నాను.”

“తిన్న మనిషి మాటల్లెక్క లేవు. కూసో ముందు. కార్డు దేంట్ల పెడ్తవు? కెమెరాలనా?”

“కాదు. ఇందులో.”

“గిది మీ ఆయన సింగపూర్ నుంచి తెప్పించిన డబ్బీ గదా! మాటలు రికార్డు చేసేది. మొన్న ఫ్లోరు మీద అందరు చేతులు మార్చి మార్చి చూసిండ్రు.”

“అవును. శ్యామ్ గారు తెప్పించింది.”

“నువ్వు పొద్దంత ఏం మాట్లాడినవో సాయంత్రం కూసొని వింటడంట. మా ఆయన దానియేలు ఎదురుంగ కూసొని మాట్లాడినా వినడు. టీవీ బంద్ చేస్తే నిద్రపోతడు. ఏం నోము నోచినవమ్మా నువ్వు.”

“అందరూ అదే అంటారక్కా.”

“అంటరు మరి. ఇగో, ముప్పైరెండు. కొత్తది, కవరు గూడ చింపలే. తీస్కపో, రేపు తెచ్చియ్యి.”

“వద్దు.”

“పెద్దది తెమ్మన్నడని నువ్వే అంటివి గదా, లోపలికొస్త వస్త?”

“ఆయనే తెమ్మన్నారు. ఇందులో ఉన్న ఎనిమిది మధ్యాహ్నానికే నిండిపోతోందట. ‘మీ ఆఫీసులో బోలెడుంటాయి, ఏది పడుతుందో నీకే బాగా తెలుసు, నువ్వే ఎంచుకో’ అన్నారు.”

“మంచిగనే అన్నడు.”

“ఆయన ఎప్పుడూ మంచిగానే అంటారు. చీరైనా, సినిమా అయినా, మా అమ్మ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నా. నువ్వే ఎంచుకో అంటారు.”

“మరి ఎంచుకో. ఎందుకు పరేషాన్ అయితున్నవ్?”

“అక్కా, ఫ్లోరు మీద నన్ను ఏమంటారు?”

“ఏమంటరు?”

“చెప్పు, ఫర్వాలేదు.”

“రేడియో అంటరు. పొద్దుగాల వచ్చిన కాడికెళ్లి ఒకటే లొడలొడ. భోజనాలైనంక నోరు పడిపోతదని నవ్వుతరు. తప్పుగ ఏం గాదు, ఊకెనే.”

“టెస్టు చేయాల్సినవి పైకి చదువుతాను. కీబోర్డు మీద ఏం నొక్కుతున్నానో చెప్తాను. ఎవరూ లేకపోతే నాలో నేనే మాట్లాడతాను. ఎందుకో తెలుసా?”

“ఎందుకు?”

“మాట వినపడితేనే ఇది రికార్డు చేస్తుంది. ఊరుకుంటే ఆగిపోతుంది. ఊరుకుంటే కార్డు నిండదు.”

“నిండకపోతే?”

“సాయంత్రం దాకా వింటూనే ఉంటుంది.”

“ఆగు, ఆగు. నువ్వు కార్డు నింపనీకి మాట్లాడుతున్నవా?”

“పొద్దున్నే నింపేస్తాను. నిండాక మధ్యాహ్నం నాది.”

“బంద్ చేస్తే ఒడుస్తది గదా! బటను లేదా దీనికి?”

“ఉంది. దాని మీద నల్ల టేపు అంటించారు చూడు. బ్యాగులో వస్తువులు తగిలి ఆగిపోతుందని. లైటు మీద కూడా అంటించారు, మెరిస్తే పదిమందీ చూస్తారని.”

“టేపు పీకెయ్యరాదు?”

“అంచున పెన్నుతో గీత గీశారు. టేపు మీద సగం, డబ్బా మీద సగం. పీకి మళ్లీ అంటిస్తే గీత కలవదు.”

“యేసయ్యా. బాత్రూంకు పోతే?”

“బ్యాగు వదిలి వెళ్తే పక్కవాళ్ల మాటలే పడతాయి, నా గొంతు ఉండదుగా. ‘కాసేపు ఎక్కడికి వెళ్లావు?’ అంటారు. కోపంగా కాదు. అన్నం తింటూ అడుగుతారు.”

“కొడ్తడా?”

“లేదు.”

“నిజం చెప్పు.”

“లేదక్కా. గొంతు కూడా పెంచరు. నేను వంట చేస్తుంటే హాల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటారు. మధ్యలో నవ్వుతారు. ఏ మాటకి నవ్వారో చెప్పరు. నేను పోపు వేస్తూ పొద్దున్నుంచి ఏమేం మాట్లాడానా అని తలుచుకుంటూ ఉంటాను. మొన్న పోపు మాడిపోయింది. అదీ నవ్వుతూనే తిన్నారు.”

“మీ అమ్మకు చెప్పినవా?”

“చెప్పాను. ‘నీ గొంతు వినకుండా ఉండలేడే పిచ్చిమొహమా’ అని మురిసిపోయింది. ఎదురింటి పద్మావతి గారికి కూడా చెప్పి మురిసిపోయింది.”

“నేను గూడ గట్లనే మురిసిన గదా ఇప్పుడు. నోము, గీము అని.”

“నీ తప్పేముంది.”

“జర ఉండు. ఇప్పుడు? ఇప్పుడు మనం మాట్లాడేది వింటున్నదా?”

“లేదు, నిండిపోయి ఉంటుంది. ఈ పూటంతా గొంతు పోయేలా చదివాను. నిండితే టిక్కుమంటుంది.”

“అన్నదా?”

“క్యాంటీన్లో గోల. వినపడలేదు. అయినా రోజూ ఈపాటికి నిండుతుంది.”

“సరె. మధ్యాహ్నం నీది అన్నవ్. ఏం జేస్తవ్ మధ్యాహ్నం?”

“ఏం చేయను. ఊరికే కూర్చుంటాను. ఏం మాట్లాడకుండా.”

“గంతేనా? సంయుక్తా, గంతేనా?”

“కింద కాయిన్ ఫోన్ నుంచి ఒక ఫోన్ చేస్తాను. గచ్చిబౌలిలో పుణ్యవతి గారని, ఆడవాళ్ల హాస్టల్ నడుపుతారు. శుక్రవారం ఒక గది ఖాళీ అవుతుంది. నాకే ఇస్తానన్నారు, కానీ రోజూ ఫోన్ చేసి అడుగుతూ ఉండమన్నారు, లేకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారట.”

“గా సంగతి ముందుగాల చెప్పాలె!”

“ఎలా చెప్పను? శుక్రవారం దాకా నాకు మధ్యాహ్నాలు కావాలక్కా. అంతే. ముప్పైరెండు పెడితే నేనెంత వాగినా నిండదు. ఫోన్ చేసినా వింటారు, చేయకపోతే గది పోతుంది.”

“దొరకలేదని చెప్పు.”

“మీ మేనేజరు రవికిరణ్‌ని అడుగుతారు. ఇద్దరూ ఒకే కాలేజీ.”

“పట్టలేదని చెప్పు. ఈ పల్చటి కార్డులకు మూల కోసి ఉంటది జూడు. ఎడమకు కోసింది పాత మెషీన్లకు, కుడికి కోసింది కొత్తవాటికి. తప్పుది తీస్కపో. లోపలికి పోదు.”

“‘ఇన్నాళ్లూ టెస్టరువి, ఇది తెలియదా?’ అంటారు. మర్నాడు ఆయనే వచ్చి సరైనది తీసుకుంటారు.”

“అవు. అది గూడ నిజమే.”

“అందుకే నీ దగ్గరికొచ్చాను. నీ దగ్గర చెడిపోయింది ఒకటుండాలి.”

“చెడిపోయినయి పారేస్త.”

“ఒకటి పారేయలేదు. కార్డు మధ్యలో మొరాయిస్తే మన సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూడ్డానికి దాచావు. మా టీముకి నువ్వే ఇచ్చావు పోయిన నెల.”

“ఓహో. దాని కోసం వచ్చినవా? దాని కోసం వచ్చి గింతసేపు అటు తిప్పి ఇటు తిప్పి...”

“అడగడానికి నోరు రాలేదు.”

“రేడియోకు నోరు రాలేదంట. ఉండు, కింది అరల ఉన్నది. ఇగో. పైన ముప్పైరెండు. కాని నాలుగో వంతు రాసినంక ముందుకు పోదు. చప్పుడు గూడ చెయ్యదు. నిండినట్టే కనపడ్తది.”

“ఈ ఎర్ర చుక్క ఏంటి?”

“నా గోళ్లరంగు. మంచివాటిల్ల కలవకుండ పెట్టిన.”

“గీకేస్తాను.”

“మెల్లగ. అంకె గూడ పోతది. ఇటియ్యి, నేను గీకుత. శుక్రవారం అంటే ఇంక ఎంత దూరమున్నది. అసలు శుక్రవారం దాంక ఎందుకు? మా ఇంటికి రా. హఫీజ్‌పేట స్టేషన్ దిగితే రెండో గల్లీ. దానియేలుకు టీవీ, నీకు మంచం.”

“మీకెందుకక్కా ఇబ్బంది.”

“నువ్వు వస్తవా, రావా?”

“వస్తాను. లేదు, శుక్రవారం దాకా ఆగుతాను. సాయంత్రం గేటు దగ్గర స్కూటరు మీద ఉంటారు. వస్తూ వస్తూ మల్లెపూలు కూడా తెస్తారు. అందరి ముందూ ఏమని చెప్పి రాను?”

“చెప్పుడేంది, ఎనక గేటు ఉన్నది. సరె, నీ ఇష్టం. పోయింది సూడు చుక్క. నీ డబ్బీ ఇటియ్యి, పడ్తదో లేదో చూద్దాం.”

“జాగ్రత్త, టేపు కదలకుండా.”

“టేపు ముట్ట. మూత ఒక్కటే తీస్త. అగో, వచ్చింది. ఇంతకు నువ్వు దీంట్ల ఎనిమిది ఉన్నదన్నవ్ గదా?”

“ఎనిమిదే.”

“ఎప్పుడు చూసినవ్?”

“మొదటిరోజు చూశాను. రోజూ పొద్దున ఆయనే పెట్టి మూత వేసి ఇస్తారు. ఏం?”

“సంయుక్తా.”

“ఏంటక్కా?”

“గిది సూడు. అంకె కనపడుతున్నదా?”

“ముప్పైరెండు.”

“కవరు నుంచి తీసి పెట్టిండు కొత్తది. గీత గూడ పడలే.”

“లేదు. లేదక్కా. ముప్పైరెండు ఆయన దగ్గర ఉంటే నన్నెందుకు తెమ్మంటారు?”

“నాకేమెరుక?”

“నిన్న రాత్రేగా అన్నారు. ‘చిన్నదైపోయింది, నువ్వే ఎంచుకో’ అన్నారు. నిన్న రాత్రి. తన దగ్గర ఉంటే...”

“నువ్వు ఏం ఎంచుకుంటవో విననీకి. మెల్లగ. కూసో. నీళ్లు తాగు.”

“అయితే ఇది నిండలేదు.”

“నిండలే.”

“నేను లోపలికి వచ్చినప్పటి నుంచి?”

“నువ్వు ఇంట్లకెళ్లి ఎళ్లినప్పటి సంది.”

“చిన్నది లేదా అన్నాను.”

“అవు.”

“పుణ్యవతి గారి పేరు చెప్పాను. గచ్చిబౌలి అన్నాను. శుక్రవారం అన్నాను.”

“నేను హఫీజ్‌పేట చెప్పిన. గల్లీ గూడ చెప్పిన. నా నోరు పడ.”

“ఇంక ఆ రెండు చోట్లూ పోయినట్టే.”

“చెరిపేద్దాం! ఈడనే, నా మెషీన్ల పెట్టి మొత్తం చెరిపేస్త. ఒక్క నిమిషం.”

“చెరిపితే ఖాళీ కార్డు తీసుకెళ్లాలి. పొద్దున్నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదా అంటారు.”

“చెడిందని చెప్పు.”

“నవ్వుతారు.”

“కింద పడి పగిలిందని చెప్పు. బస్సు ఎక్కిందని చెప్పు! ఏదో ఒకటి చెప్పాలె గదా పిల్లా, గిట్ల కూసుంటే ఎట్ల?”

“రేపు ఇంకొకటి కొంటారు. నన్నే తెమ్మంటారు. నువ్వే ఎంచుకో అంటారు. ఏం చేసినా అదేనక్కా. తీసుకెళ్తే వింటారు, చెరిపితే అర్థం చేసుకుంటారు, పోయిందంటే ఇంకొకటి వస్తుంది.”

“మరి బయటికన్న లాగుత ఆగు. ఇప్పుడు మాట్లాడేదన్న పడకుండ.”

“లాగకు.”

“ఇంకా పడుతున్నది సంయుక్తా!”

“పడనీ. అలాగే ఉంచు.”

“నీకు మతి ఉన్నదా?”

“నువ్వు తెర మీద పుల్లతో రాసే చేతి కంప్యూటర్లు దాస్తావుగా. ఒకటి ఇటివ్వు.”

“ఎందుకు?”

“నీకు తెలిసిన చోటు ఇంకేదైనా ఉంటే అందులో రాయి. నోటితో అనకు.”

“ఓ. ఆగు. ఉన్నది. ఒకటి ఉన్నది. నా అక్షరం దీనికి సక్కగ అర్థం కాదు, ఏం రాసినా వేరే పడ్తది. ఆ, వచ్చింది. సదువు.”

“చదివాను.”

“మంచిగున్నదా?”

“బాగుంది.”

“ఆడ ఎవరూ...”

“అనకు.”

“అనలే, అనలే. ఇంకోటి రాస్తున్న. గిది గూడ సదువు. ఇప్పుడే.”

“ఇప్పుడేనా?”

“ఇప్పుడే. పోతవా?”

“బ్యాగులో బట్టలు కూడా లేవు.”

“బట్టలకేం ఫికర్. పోతవా, పోవా? తలకాయ ఊపు, చాలు. ఆ. సరె. మరి ఈ డబ్బీ?”

“గేటు దగ్గర వాచ్‌మన్ ఆంజనేయులుకి ఇవ్వు. సాయంత్రం స్కూటరు మీద వచ్చినాయన అడిగితే ఇమ్మను.”

“ఏమన్న చెప్పాల్నా?”

“ఆంజనేయులు ఏం చెప్పక్కర్లేదు. నేను చెప్తాను. ఇటు దగ్గరికి పెట్టు.”

“ఇగో.”

“ఏవండీ, కార్డు నన్నే ఎంచుకోమన్నారుగా. మీరు పెట్టిందే ఎంచుకున్నాను, ఇందులో ఖాళీ ఇంకా చాలా ఉంది, కానీ నా మాటలు ఇక్కడితో ఆఖరు.”