ఎదురు మెలి

కంసాయి నది మధ్య ఇసుక దిబ్బకు కట్టేసిన చిన్న పాత పడవ. అందులో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కలిసి పనిచేసి, ఆ ఏడే రిటైరైన ఇద్దరు: ఎర్రయ్య, జగ్గారావు.

“మళ్ళీ కారతంది ఎర్రన్నా.”

“కారదు. బోల్టు బిగించినాను గదా.”

“నా కాళ్ళు తడిసిపోతన్నాయి. కారదంటావేటి?”

“అవి పాత నీళ్ళురా. డబ్బాతో తోడు. మాటలు తగ్గించు.”

“ఒకపాలి ఈ పలక సూడు. సీలిక ఇంకా పొడుగైంది. నువ్వు స్పానరేసి తిప్పినప్పుడే టప్పుమంది.”

“బాయిలర్లకి ఇలాగే బిగించినాం. ఒక్కటైనా కారిందా?”

“అది ఇనుము. ఇది సెక్క.”

“నాకు సెబుతావేటి? మా అయ్య భీవిలి సముద్రంలో పడవ నడిపినోడు. నువ్వు మెట్ట ఊరోడివి. సిన్నప్పుడే అయ్య పోయినోడివి. పడవంటే నీకేటి తెలుసు?”

“అవునులే. నాకేటి తెలుసు.”

“కోపమొచ్చిందా?”

“లేదు. తోడతన్నాను.”

“ఒరే జగ్గా, ఆ గట్టు మీదోళ్ళు సేతులూపుతున్నారేటి?”

“పోటొస్తందని. సముద్రం నీళ్ళు ఇక్కడిదాకా ఎగదన్నుతాయి. కాసేపట్లో ఈ దిబ్బ మునిగిపోతాది.”

“నీకెలా తెలుసు?”

“ఆ... ఆళ్ళే అరుస్తన్నారు గదా, జోయార్, జోయార్ అని. ఎర్రన్నా, ఆళ్ళ నావని పిలుద్దాం. ఒడ్డుకి పోయి బస్సెక్కుదాం.”

“బస్సులో దిగితే మన న్యూ సెటిల్‌మెంటు కాలనీలో ఏ మొకం పెట్టుకుని తిరుగుతానురా? బయల్దేరిన రోజు ఎంతమంది వచ్చినారు! మీ ఆవిడ అప్పలనర్సమ్మ కొబ్బరికాయ కూడా కొట్టింది. సముద్రం దాకా ఎల్లొస్తానన్నాను.”

“అన్నావు.”

“ఇన్నేళ్ళూ వర్క్‌షాపులో అందరికీ సెప్పినాను, పడవోడి కొడుకునని.”

“అయితే బాగుసెయ్. మీ అయ్య ఎలా సేసేవోడు?”

“దూది తీసుకునేవోడు.”

“ఊఁ.”

“నూనెలో తడిపేవోడు. తడిపి... మెలి తిప్పేవోడు. ఒక మెలి తిప్పి...”

“తిప్పి?”

“ఉండరా. గుర్తొస్తాది.”

“నీళ్ళు దిబ్బెక్కుతున్నాయి ఎర్రన్నా.”

“తెల్దు! నాకు తెల్దురా. పడవ కొన్నదాకా పడవ మీద సెయ్యే ఎయ్యలేదు. మా అయ్య బొబ్బిలి సంతలో బెల్లం బుట్టలు మోసేవోడు.”

“మరి ఆ కబుర్లన్నీ?”

“ఆ ముసలోడియి. నువ్వే తెచ్చినావు గదా, ఎండు సేపల బుట్టతో ఒకాయన్ని. ఎవరో తెలిసినోళ్ళు పంపినారు, మా ఇంట్లో సోటు లేదు, ఈ రాత్రికి మీ అరుగు మీద పడుకోనీ అన్నావు. ఆ రోజు నీకు పిల్లనిచ్చేవోళ్ళు వచ్చి, మా పక్కనే మీ క్వార్టర్లో ఉన్నారు.”

“గుర్తు లేదు.”

“నాకుంది. తెల్లారేదాకా సెప్పినాడురా. వలలు, తుఫాన్లు, పలకల్లో దూది కూరడం. ఇలాటి అయ్య నాకుంటే అనిపించింది. తర్వాత షాపులో ఎవడో అడిగితే, మా అయ్యే అనేసినాను. అన్నాక మరి ఆగలేదు. ముసలితనంలో ఈ పడవొకటి కొన్నాను, అబద్ధాన్ని నిజం సేద్దామని. సిగ్గులేనోణ్ణి.”

“ఆ తలగడ ఇలా ఇయ్యి.”

“ఎందుకు?”

“ఇయ్యి. ఆవనూనె సీసా కూడా. ఆ బోల్టు ఇప్పెయ్. సెక్క నీళ్ళు తాగి ఉబ్బుతాది. దానికి సోటుండాల.”

“ఒరే, తలగడ సింపేస్తన్నావేటి?”

“దూది కావాల గదా. ఇదిగో, ఒక మెలి కాదు. రెండు పోగులు తిప్పి, ఒకదాని మీదొకటి ఎదురు మెలి. తడి తగిలితే అదే బిగుసుకుంటాది. గరిటె ఇయ్యి. సుత్తి కాదు, గరిటె. కొట్టకూడదు. కాడతో నొక్కాల, ఇలాగ... ఇలాగ. ఇప్పుడు సూడు.”

“ఆగిపోయింది!”

“కాస్త సెమ్మ ఉంటాది. పోతాది.”

“ఎదురు మెలి. అదేరా! ఆ ముసలోడు సెప్పిన మాట అదే. నాకు నోటికి రాలేదు. నీకెలా తెలుసు?”

“తాడిప్పు. పోటొస్తంది.”

“జగ్గా, ఇటు సూడు. తాడు తర్వాత. ముందు సెప్పు, ఎలా తెలుసు?”

“ఎర్రన్నా... ఆయన కొడుకు సంగతేమన్నా సెప్పినాడా నీకు?”

“సెప్పినాడు. కొడుకు మన వర్క్‌షాపులోనేనట. సూద్దామని ఇంత దూరమొస్తే, పాపం, లైను డ్యూటీకెల్లినాడట. మంచోడు బాబూ నా కొడుకు, ఉంటే నన్ను బయట పడుకోనిస్తాడా అన్నాడు. పొద్దున్న నేనే టేషనుకి తీసుకెల్లినాను. ఆ బుట్ట మాత్రం మీ గుమ్మం ముందెట్టినాడు. ఈది మలుపు తిరిగేదాకా ఎనక్కి సూస్తానే ఉన్నాడు.”

“ఆ కొడుకు డ్యూటీకెల్లలేదు ఎర్రన్నా. మీ గోడకవతల, తలుపు గెడెట్టుకుని కూసున్నాడు.”